ఇన్‌బోర్డ్ బోటు ఇంజిన్: కార్బురేటర్, ఫ్యూయల్ పంప్ హోస్‌లు కలపడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

బోటు లోపలే ఉండే పెట్రోల్ ఇంజిన్ (ఇన్‌బోర్డ్) మీద పంప్ మార్చినా, కార్బురేటర్ విప్పినా, పాత హోస్ తీసి కొత్తది వేసినా తిరిగి తిరిగి అవే సందేహాలు వస్తాయి. అందుకే అన్నీ ఒకచోట రాస్తున్నాను. ఏ ప్రశ్న కావాలంటే అది నేరుగా చదువుకోవచ్చు.

ముందుగా ఒక్క మాట. కారులో పెట్రోల్ కారితే రోడ్డు మీద పడి, గాలికి పోతుంది. బోటులో కారిన పెట్రోల్‌కి పోయే దారి లేదు. దాని ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు కాబట్టి బోటు అడుగున నీళ్ళు చేరే చోటు, అంటే బిల్జ్‌లోకి దిగి అక్కడే కూర్చుంటుంది. గాలిలో ఆ ఆవిరి దాదాపు 1.4 నుంచి 7.6 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. కింద ఇచ్చిన జాగ్రత్తలన్నిటి వెనకా ఉన్న కారణం ఇదే.

## పని మొదలుపెట్టక ముందు

హోస్ విప్పే ముందు ఏమేం చేసుకోవాలి?

ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. ఇంజిన్ హాచ్ (గది మూత) తెరిచి, బ్లోయర్ (ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్) కాసేపు నడిపి, ముక్కుతో వాసన చూసి, బ్లోయర్ ఆపేశాకే బ్యాటరీ నెగటివ్ కేబుల్ తీయండి. ఈ వరుస ముఖ్యం. ఆవిరి పేరుకుని ఉండగా కేబుల్ పీకితే ఆ తీసే దగ్గరే రవ్వ పుడుతుంది. షోర్ పవర్ (ఒడ్డు నుంచి బోటుకి వచ్చే కరెంటు) ఉంటే అదీ తీసేయండి, బ్యాటరీ చార్జర్ దానంతటదే ఆన్ అయ్యే అవకాశం ఉంది. ట్యాంకు దగ్గర వాల్వు మూయండి. పెట్రోల్ మంటలకి పనికొచ్చే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్‌ని చేతికందే చోట పెట్టుకోండి, ఇంజిన్ గదిలో మాత్రం కాదు. మంట అక్కడే లేస్తే దాన్ని తీయడానికి చెయ్యి పెట్టలేరు. హోస్‌లో మిగిలిన పెట్రోల్ పట్టుకోవడానికి చిన్న డబ్బా, తుడవడానికి పాత గుడ్డలు దగ్గర పెట్టుకోండి. తడిసిన గుడ్డలు బోటులో వదలకండి.

ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఏది ముందు, ఏది తర్వాత?

ట్యాంకు పైన పికప్ ఫిట్టింగ్, అందులో యాంటీ సైఫన్ వాల్వు (పెట్రోల్ దానంతటదే జారిపోకుండా ఆపేది) ఉంటుంది. అక్కడి నుంచి హోస్ నీటిని వేరుచేసే ఫిల్టర్‌కి వెళ్తుంది. ఫిల్టర్ నుంచి మరో హోస్ ఫ్యూయల్ పంప్ లోపలి నాజిల్‌కి (పెట్రోల్ లోపలికి వెళ్ళేది), పంప్ బయటి నాజిల్ నుంచి (బయటికి వచ్చేది) లోహపు పైపు కార్బురేటర్‌కి. పంప్ ముందున్న భాగం మొత్తం పీల్చే వైపు, పంప్ తర్వాతది నెట్టే వైపు.

ఈ తేడా మనసులో ఉంచుకుంటే సగం సమస్యలు మీరే కనిపెట్టగలరు. ఇంజిన్ నడుస్తుండగా పీల్చే వైపు కలయిక వదులుగా ఉంటే సాధారణంగా పెట్రోల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. తడి కనబడదు కానీ ఇంజిన్ దగ్గుతుంది. నెట్టే వైపు వదులుగా ఉంటే పెట్రోల్ బయటికి చిమ్ముతుంది.

కారుకి వాడే పెట్రోల్ హోస్ వాడితే ఏమవుతుంది?

అమర్చిన రోజు తేడా ఏమీ కనబడదు, ప్రమాదం అందులోనే ఉంది. బోటు ఇంజిన్ గదికి చేసిన హోస్‌ని మంటలో పెట్టి పరీక్షిస్తారు, అది రెండున్నర నిమిషాలు తట్టుకోవాలి. మంట కనబడ్డాక ఇంజిన్ ఆపి, వాల్వు మూసి, అందరినీ పక్కకి తీసుకెళ్ళడానికి మీకు దొరికే సమయం అంతే. మామూలు కారు హోస్‌కి ఆ పరీక్ష ఉండదు. పైగా రబ్బరు గోడల గుండా పెట్రోల్ ఆవిరి కొద్దికొద్దిగా బయటికి వస్తూనే ఉంటుంది. కారు కింద గాలి ఆడుతుంది కాబట్టి సరిపోతుంది, మూసి ఉన్న ఇంజిన్ గదిలో అది పేరుకుంటుంది. ఈ ఒక్క విషయంలో దయచేసి డబ్బు ఆదా చేయకండి.

హోస్ మీద ఏ1, ఏ2, బీ1 అని ఉంటాయి. ఏది తీసుకోవాలి?

ఇవి ఎస్ఏఈ జె1527 ప్రమాణం ప్రకారం వేసే గుర్తులు. అక్షరం మంట గురించి చెబుతుంది. ఏ అంటే రెండున్నర నిమిషాల మంట పరీక్ష తట్టుకున్నది, బీ అంటే ఆ పరీక్ష లేనిది. అంకె ఆవిరి గురించి. 1 రకంలో ఒక చదరపు మీటరు గోడ నుంచి రోజుకి 100 గ్రాములకి మించి ఆవిరి బయటికి రాకూడదు, 2 రకంలో 300 గ్రాముల వరకు రావచ్చు. ఎప్పుడూ పెట్రోల్ నిండి ఉండే లైన్‌కి 1 రకమే సరైనది. ఏ1-15 అని ఉంటే ఆ పరిమితి 15 గ్రాములే, దొరికితే అదే తీసుకోండి. ఐఎస్ఓ ప్రమాణం చూసేవాళ్ళకి 7840 మంట తట్టుకునే రకం, 8469 తట్టుకోనిది.

ఇంజిన్ గదిలో ఫీడ్ లైన్‌కి (ఇంజిన్‌కి పెట్రోల్ అందించే లైన్) ఏ1 లేదా ఏ1-15. గుర్తు హోస్ పొడవునా అచ్చయి ఉంటుంది. అమర్చేటప్పుడు ఆ అక్షరాలు కనబడేలా తిప్పి పెట్టండి, తర్వాత చూసేవాళ్ళకి మేలు.

ఎంత లావు హోస్ కావాలి?

పాత హోస్ లోపలి వ్యాసం ఎంతో అంతే. వీ8 ఇంజిన్లకి ఎక్కువగా 3/8 అంగుళం, అంటే దాదాపు 9.5 మిల్లీమీటర్లు. చిన్న ఇంజిన్లకి 5/16 అంగుళం, దాదాపు 8 మిల్లీమీటర్లు. నాజిల్ సైజుకి సరిపోని లావు హోస్ తెచ్చి క్లాంప్‌తో నొక్కి సరిపెట్టకండి. రబ్బరు ముడత పడిన చోట సన్నటి దారి మిగులుతుంది. సన్న హోస్‌ని సాగదీసి ఎక్కించినా అంతే, కొన్నాళ్ళకి అంచు దగ్గర చీలుతుంది.

పారదర్శకంగా ఉండే చిన్న ప్లాస్టిక్ ఫిల్టర్ మధ్యలో పెట్టొచ్చా?

వద్దు. లోపల చెత్త కనబడుతుందని చాలామందికి అది నచ్చుతుంది, కానీ మంట తగిలితే మొదట కరిగేది అదే. లోహపు డబ్బాతో వచ్చే, నీటిని వేరుచేసే మెరైన్ ఫిల్టర్ పెట్టండి. 10 మైక్రాన్ రకం ఎక్కువగా వాడతారు. హెడ్ మీద లోపలికి, బయటికి అని బాణాలు ఉంటాయి, చూసి కలపండి. తిరగేసి కలిపినా పెట్రోల్ వస్తూనే ఉంటుంది కాబట్టి తప్పు బయటపడదు. నీటిని వేరుచేసే పని మాత్రం సరిగ్గా జరగదు.

## పంప్ దగ్గర

పంప్‌కి రెండు నాజిల్స్ ఉన్నాయి. ఏది లోపలికి, ఏది బయటికి?

ముందు పంప్ బాడీ మీద బాణం గుర్తు కోసం గానీ, పోతపోసిన అక్షరాల కోసం గానీ వెతకండి. మసి పట్టి ఉంటుంది, గుడ్డతో గట్టిగా తుడిస్తే కనబడుతుంది. గుర్తు లేకపోతే చేతి వాక్యూమ్ పంప్‌ని ఒక నాజిల్‌కి పెట్టి పీల్చండి. లోపలి నాజిల్ దగ్గర వాల్వు మూసుకుని వాక్యూమ్ నిలబడుతుంది. బయటి నాజిల్ దగ్గర పీలిస్తే గాలి అవతలి నాజిల్ నుంచి దూరి వచ్చేస్తుంది. నోటితో మాత్రం పీల్చకండి, ఊదకండి. కొత్త పంప్ అయినా సరే.

పాతది విప్పే ముందు ఫోన్‌లో రెండు మూడు వైపుల నుంచి ఫోటో తీసుకుని, హోస్‌లకి టేపు కట్టి పేర్లు రాస్తే ఈ ప్రశ్నే రాదు.

పంప్ నుంచి ఒక సన్నటి పసుపు ట్యూబ్ కార్బురేటర్‌కి వెళ్తోంది. అందులో ఎప్పుడూ ఏమీ ఉండదు. తీసేసి మూత పెట్టొచ్చా?

తీయకండి, మూత అసలే పెట్టకండి. ఈ ప్రశ్న అడిగినవాళ్ళందరికీ నేను కాస్త ఓపిగ్గా చెప్పే విషయం ఇది.

మెరైన్ మెకానికల్ పంప్‌లో రెండు డయాఫ్రమ్‌లు (ఊగే పలచటి పొరలు) ఉంటాయి. ఒకటి పని చేస్తుంది, రెండోది కాపలా. మొదటిది చిరిగితే పెట్రోల్ రెండిటి మధ్య ఖాళీలోకి వస్తుంది. కారు పంప్‌లో అయితే అది బయటికి కారుతుంది, లేదా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. మెరైన్ పంప్‌లో ఆ ఖాళీ నుంచి ఈ సన్న ట్యూబ్ ద్వారా కార్బురేటర్ నోట్లోకి గానీ, ఫ్లేమ్ అరెస్టర్‌లోకి (కార్బురేటర్ నోటి దగ్గర మంటని ఆపే భాగం) గానీ పోతుంది. అంటే పంప్ చెడినా పెట్రోల్ బిల్జ్‌లో పడకుండా ఇంజిన్‌లోకే పోయి కాలిపోతుంది. ట్యూబ్ పారదర్శకంగా ఉండేది మీరు చూడటానికే.

కాబట్టి అది ఖాళీగా ఉండటమే ఆరోగ్యం. అందులో పెట్రోల్ తడి కనబడిన రోజున పంప్ మార్చాల్సిందే, ఈ ఒక్క ట్రిప్ అయ్యాక చూద్దాం అనుకోవద్దు. మూత పెడితే రెండో డయాఫ్రమ్ మీద ఒత్తిడి పడుతుంది, హెచ్చరిక కూడా కనబడదు. ఇంకో జాగ్రత్త, ఈ ట్యూబ్‌ని తయారీదారు చూపించిన చోటే తగిలించాలి. మానిఫోల్డ్ వాక్యూమ్ (ఇంజిన్ గాలిని లాగే పీల్పు) వచ్చే నాజిల్‌కి తగిలించకూడదు. ట్యూబ్ ముదిరి గోధుమరంగుకి మారి, లోపల ఏముందో కనబడకపోతే కొత్తది వేయండి.

అదే ఇంజిన్ కారులో కూడా వస్తుంది కదా, కారు పంప్ బోల్టులు సరిగ్గా సరిపోతున్నాయి. వాడొచ్చా?

బోల్టులు సరిపోతాయి, లోపలి కథ సరిపోదు. కారు పంప్‌లో ఆ కాపలా డయాఫ్రమ్ ఉండదు. ఉన్న ఒక్కటి చిరిగితే బయటి రంధ్రం నుంచి పెట్రోల్ నేరుగా బిల్జ్‌లోకి పోతుంది. ఎలక్ట్రిక్ పంప్, స్టార్టర్, ఆల్టర్నేటర్ విషయంలోనూ ఇదే. బోటుకి చేసినవాటిలో లోపలి రవ్వ బయటి ఆవిరిని అంటించకుండా కట్టుదిట్టం చేస్తారు, వాటిపై ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ అని, ఎస్ఏఈ జె1171 అని రాసి ఉంటుంది.

కొత్త మెకానికల్ పంప్ బోల్టులు పట్టడం లేదు, ఏదో అడ్డు తన్నుతోంది. ఎందుకు?

క్యామ్ (ఇంజిన్‌లో తిరుగుతూ పంప్‌ని ఆడించే భాగం) ఎత్తు భాగం పంప్ లివర్‌ని నెడుతోంది. స్పార్క్ ప్లగ్ వైర్లు తీసి, క్రాంక్‌ని (ఇంజిన్ ప్రధాన కడ్డీని) చేత్తో కొంచెం తిప్పితే ఎత్తు పక్కకి పోయి పంప్ చక్కగా కూర్చుంటుంది. బోల్టులతో లాగి బిగించకండి, లివర్ వంగుతుంది లేదా పంప్ చెవి విరుగుతుంది. కొన్ని వీ8 ఇంజిన్లలో క్యామ్‌కీ లివర్‌కీ మధ్య పుష్‌రాడ్ ఉంటుంది, అది జారి అడ్డుపడుతుంది. దానికి చిక్కటి గ్రీజు రాసి పైకి నెడితే పంప్ పెట్టేదాకా అక్కడే అంటుకుని ఉంటుంది. పాత గాస్కెట్ పూర్తిగా గీకేసి కొత్తది వేయండి.

మెకానికల్ తీసి ఎలక్ట్రిక్ పంప్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, మూడు షరతులతో. ఒకటి, పంప్ మెరైన్ రకమై ఉండాలి. రెండు, ప్రెషర్. కార్బురేటర్‌కి సాధారణంగా 3 నుంచి 7 పీఎస్ఐ చాలు, చిన్న ఇంజిన్లకి అంతకంటే తక్కువే సరిపోవచ్చు. మీ కార్బురేటర్ మాన్యువల్‌లో ఉన్న అంకె చూడండి. ఇంజెక్షన్ ఇంజిన్ పంప్ పెడితే ఆ ఒత్తిడికి ఫ్లోట్ నీడిల్ (కార్బురేటర్ నిండగానే పెట్రోల్‌ని ఆపే సూది) ఆగదు, కార్బురేటర్ పొంగిపోతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఇంజిన్ స్టార్ట్ అవుతున్నప్పుడు, నడుస్తున్నప్పుడు తప్ప పంప్ తిరగకూడదు. అందుకే కరెంటుని ఆయిల్ ప్రెషర్ స్విచ్ గుండా ఇస్తారు. ఇంజిన్ ఆగితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, పంప్ ఆగుతుంది. స్టార్ట్ చేసేటప్పుడు మాత్రం స్టార్టర్ వైపు నుంచి కరెంటు అందుతుంది. నేరుగా కీకి కలిపితే, ఇంజిన్ ఆగిపోయి కీ ఆన్‌లోనే ఉన్నప్పుడు, తెగిన హోస్ నుంచి పంప్ పెట్రోల్ పోస్తూనే ఉంటుంది. పంప్‌ని ఇంజిన్ మీద గానీ, దానికి ఒక అడుగు లోపు గానీ పెట్టండి. ట్యాంకు పక్కన పెడితే ఆ మధ్య హోస్ మొత్తం ఒత్తిడి కిందకి వస్తుంది.

## కార్బురేటర్ వైపు

పంప్‌కీ కార్బురేటర్‌కీ మధ్య ఉన్న లోహపు పైపు తీసి హోస్ వేస్తే సులువు కదా?

సులువే, కానీ ఆ పైపు అక్కడ ఊరికే లేదు. పెట్రోల్ ఒత్తిడితో ఉండేది అక్కడే, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికి వచ్చే గొట్టం) వేడి దగ్గరగా ఉండేదీ అక్కడే. పంప్, కార్బురేటర్ రెండూ ఇంజిన్ మీదే కలిసి కదులుతాయి కాబట్టి మెత్తటి హోస్ అవసరం కూడా లేదు. తుప్పు పట్టిందా, ఆ ఇంజిన్‌కి వంచి తయారుచేసిన స్టీలు పైపే తెప్పించుకోండి. రాగి పైపు అదురుకి గట్టిపడి ఫ్లేర్ (విప్పారిన చివర) దగ్గర పగులుతుంది, ఆ చోట నేను వాడను.

ఫిట్టింగ్స్‌కి టెఫ్లాన్ టేపు చుట్టాలా?

వద్దు. టేపు పోగులు తెగి పెట్రోల్‌తో పాటు వెళ్ళి ఫ్లోట్ నీడిల్ దగ్గర ఇరుక్కుంటాయి. ముందు ఫిట్టింగ్ ఏ రకమో చూడండి. చివరికి సన్నబడే మరలు అయితే మరల దగ్గరే సీల్ అవుతుంది, వాటికి పెట్రోల్ తట్టుకునే పేస్ట్ రకం సీలెంట్ పలచగా రాయండి. మొదటి ఒకటి రెండు మరలు వదిలేయండి. ఫ్లేర్ ఫిట్టింగ్‌లో సీల్ అయ్యేది మరలు కాదు, విప్పారిన పైపు అంచు. దానికి ఏ సీలెంటూ వద్దు, శుభ్రంగా ఉంటే చాలు.

కార్బురేటర్ నట్ ఎంత బిగించినా చెమ్మ ఆగడం లేదు.

ఇంకా బిగించకండి. కార్బురేటర్ బాడీ మెత్తటి లోహం, మరలు ఊడి వచ్చాయంటే పైపు ఖర్చు కాస్తా కార్బురేటర్ ఖర్చు అవుతుంది. విప్పి చూడండి. ఫ్లేర్ అంచు మీద గీత, పగులు, లేదా ఇసుక రేణువు ఉంటుంది. కొన్ని కార్బురేటర్లలో పెద్ద ఇన్‌లెట్ నట్ వెనక గాస్కెట్, లోపల స్ప్రింగు, చిన్న ఫిల్టర్ ఉంటాయి. ఆ గాస్కెట్ పాతదైతే చెమ్మ అక్కడి నుంచే వస్తుంది, పైపు నట్ మీద అనుమానం పడుతుంది.

బిగించేటప్పుడు రెండు పానాలు వాడండి. ఒకటి పెద్ద నట్‌ని కదలకుండా పట్టుకోవడానికి, రెండోది పైపు నట్ తిప్పడానికి. ఒక్క పానాతో తిప్పితే పైపు మెలితిరుగుతుంది. మొదట చేత్తో రెండు మూడు చుట్లు తేలిగ్గా ఎక్కాలి. ఎక్కకపోతే మర పక్కకి పడిందని అర్థం, వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టండి.

కారు కార్బురేటర్ చూడటానికి అచ్చం ఇలాగే ఉంది. పెట్టుకోవచ్చా?

వద్దు. మెరైన్ కార్బురేటర్‌లో గాలి గొట్టాలు లోపలి వైపు వంగి ఉంటాయి. ఫ్లోట్ ఇరుక్కుని పొంగినా పెట్రోల్ ఇంజిన్ గొంతులోకే పడుతుంది, బయటికి కాదు. త్రాటిల్ కడ్డీ దగ్గర కారకుండా కూడా ఏర్పాటు ఉంటుంది. పని ముగించాక ఫ్లేమ్ అరెస్టర్ తిరిగి బిగించడం మరిచిపోకండి. ఇంజిన్ ఎదురు పేలినప్పుడు మంట గదిలోకి రాకుండా ఆపేది అదొక్కటే.

## హోస్ కోయడం, ఎక్కించడం, దారి చూడటం

హోస్ దేనితో కోయాలి?

పదునైన బ్లేడుతో, ఒక్క వేటున, నిటారుగా. హ్యాక్సా వాడకండి. రంపపు పొట్టు లోపల అంటుకుని, పెట్రోల్ రాగానే ప్రయాణం మొదలుపెడుతుంది. నేను ఒకసారి అలాగే కోసి, కార్బురేటర్ పొంగుతుంటే ఫ్లోట్ సరిచేస్తూ సగం రోజు కూర్చున్నాను. చివరికి నీడిల్ కింద దొరికింది గసగసాల గింజంత రబ్బరు ముక్క. కోశాక లోపల గాలి కొట్టి, వెలుతురుకి ఎదురుగా పెట్టి చూసి మరీ ఎక్కించండి.

నాజిల్ మీదకి హోస్ ఎక్కడం లేదు.

కొత్త హోస్ చివరని వేడినీళ్ళలో ఒక నిమిషం ముంచి, లోపల ఆరేలా తుడిచి ఎక్కించండి. లేదా చాలా కొద్దిగా సబ్బునీళ్ళు రాయండి. లైటర్, హీట్ గన్ జోలికి పోవద్దు. గ్రీజు కూడా వద్దు, తర్వాత జారుతుంది. నాజిల్ గట్లన్నీ దాటి మొదలు దాకా వెళ్ళాలి.

ఎలాంటి క్లాంపులు, ఎన్ని, ఎక్కడ?

పూర్తిగా స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన, స్క్రూతో బిగించే మెరైన్ క్లాంపులు. స్క్రూ కూడా స్టెయిన్‌లెస్ కావాలి, కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడండి, గట్టిగా పట్టుకుంటే అనుమానించండి. స్ప్రింగు బలం మీదే ఆధారపడే క్లిప్పులు ఫీడ్ లైన్‌కి పనికిరావు. క్లాంపు నాజిల్ గట్టు దాటి లోపలి వైపు కూర్చోవాలి, హోస్ అంచు నుంచి కనీసం 6 మిల్లీమీటర్ల ఎడం ఉండాలి.

రెండు పెడితే రెట్టింపు భద్రత అనుకుంటారు. నాజిల్ పొడవు ఉంటేనే అది నిజం. పొట్టి నాజిల్ మీద రెండోది గాలిలో రబ్బరుని నొక్కుతుంది, హోస్‌ని కోస్తుంది. ట్యాంకు నింపే లావు హోస్‌కి మాత్రం రెండు వైపులా రెండేసి పెట్టాలి. రబ్బరు క్లాంపు రంధ్రాల్లోంచి ఉబ్బి వచ్చిందంటే ఎక్కువ బిగించారన్నమాట. ఒకరోజు నడిపాక ఒకసారి మళ్ళీ బిగువు చూడండి.

హోస్ ఏ దారిన తీసుకెళ్ళాలి?

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి, బెల్టులకి, బ్యాటరీ కేబుళ్ళకి దూరంగా, బిల్జ్ నీళ్ళు చేరే ఎత్తుకి పైన. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, బోటు గోడ ఊగదు. కాబట్టి గోడ నుంచి ఇంజిన్‌కి వచ్చే చోట కొంచెం వదులు ఉంచండి. గోడ వెంబడి లోహపు పైపు ఉంటే, అది హోస్‌తో కలిసే చోటికి 10 సెంటీమీటర్ల లోపే దాన్ని క్లిప్పుతో గోడకి బిగించాలి, లేకపోతే అదురంతా ఆ కలయిక మీద పడుతుంది. మలుపులు పెద్దవిగా ఉండాలి. లోహపు అంచు తగిలే ప్రతి చోటా రబ్బరు తొడుగు వేయండి. హోస్ ఒరుసుకుంటోందో లేదో ఆగి ఉన్న ఇంజిన్ దగ్గర తెలియదు, నడిచే ఇంజిన్ దగ్గర టార్చ్ పెట్టి చూడాలి.

## మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు

లీకు లేదని ఎలా నమ్మేది?

కంటితో చూస్తే సరిపోదు, తెల్లటి టిష్యూ కాగితంతో ప్రతి కలయికనీ చుట్టూ తుడవండి. వాల్వు తెరిచి, ఇంజిన్ ఆగి ఉండగా ఒకసారి. బ్లోయర్ కనీసం నాలుగు నిమిషాలు నడిపి, బిల్జ్ దగ్గర వాసన చూసుకున్నాక స్టార్ట్ చేసి, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ ఇవ్వకుండా నడుస్తుండగా) నెట్టే వైపు కలయికలు మరోసారి. ఇంజిన్ వేడెక్కాక, ఆపేశాక ఇంకోసారి. చివరిది చాలామంది వదిలేస్తారు. ఆపిన తర్వాతే ఇంజిన్ వేడి పైకెక్కి పైపులో ఒత్తిడి పెరుగుతుంది, సన్నటి లీకులు అప్పుడు బయటపడతాయి. హాచ్ తెరిచే ఉంచండి, రెండో మనిషిని దగ్గర ఉంచుకోండి. బ్లోయర్ నడిచింది కదా అని వాసన చూడటం మానకండి, అది ఆవిరిని లాగుతుంది కానీ లీకుని ఆపదు.

ఎంత క్రాంక్ చేసినా (స్టార్టర్‌తో ఇంజిన్‌ని తిప్పినా) పెట్రోల్ రావడం లేదు. అలాగే కొడుతూ ఉండాలా?

వద్దు. 10 సెకన్లు కొట్టి, స్టార్టర్ చల్లారేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఇన్‌బోర్డ్‌లో ఇంకో ప్రమాదం ఉంది, దీని గురించి కొత్తవాళ్ళకి చెప్పేవాళ్ళు తక్కువ. క్రాంక్ చేస్తున్నప్పుడు సముద్రపు నీటి పంప్ కూడా తిరుగుతూ ఎగ్జాస్ట్‌లోకి నీళ్ళు పోస్తుంది. ఇంజిన్ అంటుకోలేదు కాబట్టి ఆ నీటిని బయటికి నెట్టే పొగ ఒత్తిడి లేదు. వాటర్ లిఫ్ట్ మఫ్లర్ (పొగ ఒత్తిడితో నీటిని బయటికి నెట్టే డబ్బా) ఉన్న బోట్లలో అది నిండి, వెనక్కి వచ్చి సిలిండర్లలోకి దిగుతుంది. ఎక్కువసేపు కొట్టాల్సి వస్తే సీకాక్ (బయటి నీరు లోపలికి వచ్చే వాల్వు) మూసి, ఇంజిన్ అంటుకున్న క్షణమే తెరవండి. తెరవడం మరిచిపోకుండా కీ మీద చీటీ అంటించుకోండి.

అసలు మందు ముందే పెట్రోల్ నింపడం. కొత్త ఫిల్టర్‌ని ఖాళీగా బిగించకుండా శుభ్రమైన పెట్రోల్‌తో నింపి బిగించండి. పంప్‌కి చేతి లివర్ ఉంటే దాన్ని ఆడించండి. లివర్ బరువు లేకుండా ఊగుతుంటే పంప్ చెడిందనుకోవద్దు, క్యామ్ దాన్ని పట్టుకుని ఉంటుంది. ఇంజిన్‌ని కాస్త తిప్పితే బరువు తెలుస్తుంది. కార్బురేటర్ నోట్లోకి సీసాతో పెట్రోల్ పోస్తూ స్టార్ట్ చేయడం మాత్రం చేయకండి.

## నడిపాక వచ్చే ఇబ్బందులు

ఐడిల్‌లో బాగుంది, స్పీడు పెంచితే కూలబడుతోంది.

పెట్రోల్ సరిపడా అందడం లేదు. కారణం పీల్చే వైపు ఉండే అవకాశమే ఎక్కువ. ముందు ట్యాంకు మూత వదులు చేసి చూడండి. బాగుపడితే ట్యాంకు గాలి గొట్టం మూసుకుపోయింది, పురుగులు గూడు కట్టడం మామూలే. తర్వాత ఫిల్టర్, యాంటీ సైఫన్ వాల్వు చూడండి.

తేలకపోతే విడిగా ఉండే చిన్న ట్యాంకుని మంచి హోస్‌తో నేరుగా పంప్‌కి కలిపి, హాచ్ తెరిచి, దగ్గరే కనిపెట్టుకుని ఉండి కాసేపు నడపండి. దీని మీద చక్కగా నడిస్తే పంప్, కార్బురేటర్ నిర్దోషులు. తప్పు బోటు ట్యాంకుకీ పంప్‌కీ మధ్య ఉంది. వాక్యూమ్ గేజ్ ఉంటే పంప్ ముందు పెట్టి చూడండి, పూర్తి స్పీడులో 2 అంగుళాల పాదరసం దాటితే ఎక్కడో అడ్డు ఉంది. బయటికి బాగున్న పాత హోస్ లోపలి పొర ఊడి వేలాడటం కూడా ఉంటుంది. నెమ్మదిగా లాగితే పెట్రోల్ వస్తుంది, గట్టిగా లాగితే ఆ పొర తలుపులా మూసుకుంటుంది.

యాంటీ సైఫన్ వాల్వే అడ్డు అని తేలింది. తీసేస్తే?

తీసేయకండి, శుభ్రం చేయండి లేదా కొత్తది వేయండి. హోస్ ట్యాంకు మట్టం కంటే కింద ఎక్కడైనా తెగితే, పంప్ తిరగకపోయినా ట్యాంకులోని పెట్రోల్ దానంతటదే బిల్జ్‌లోకి జారిపోతుంది. దాన్ని ఆపేది వాల్వులోని ఆ స్ప్రింగు, ఆ చిన్న గోళీయే.

పొద్దున్నే స్టార్ట్ అవ్వడానికి చాలాసేపు పడుతోంది, తర్వాత బాగానే ఉంటోంది.

రాత్రి లైన్‌లోని పెట్రోల్ ట్యాంకు వైపు వెనక్కి జారిపోతోంది. పీల్చే వైపు సన్నటి సందు ఉంటే గాలి దూరి అలా జరుగుతుంది. ట్యాంకు ఫిట్టింగ్, ఫిల్టర్ సీలు, పంప్ లోపలి నాజిల్ ఒక్కొక్కటీ విప్పి మళ్ళీ బిగించండి. అవి బాగుంటే పంప్ లోపలి వాల్వులు అరిగాయి.

లీకు ఎక్కడా లేదు, అయినా పెట్రోల్ వాసన వస్తోంది.

హోస్ చెమరుస్తోందేమో చూడండి. శుభ్రమైన గుడ్డతో హోస్ పొడవునా తుడిచి, గుడ్డని దూరంగా తీసుకెళ్ళి వాసన చూడండి. గుడ్డకి వాసన పట్టిందంటే ఆ హోస్ పని అయిపోయింది. క్లాంపులు మార్చి లాభం లేదు. కారణం దొరికేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయవద్దు.

హోస్‌లు ఎన్నాళ్ళకి మార్చాలి?

ఏటా ఒకసారి చేత్తో నొక్కి, వంచి చూడండి. గట్టిపడటం, మెత్తబడి ఉబ్బడం, పైన సన్నటి పగుళ్ళు, వంపు దగ్గర నొక్కు, వీటిలో ఏది ఉన్నా అప్పుడే మార్చండి. ఏ లోపం కనబడకపోయినా పదేళ్ళు దాటితే నేను ఉంచను. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రకం రబ్బరుని త్వరగా తింటుంది, ఆ హోస్‌ల విషయంలో అన్నేళ్ళు కూడా ఆగకండి. పైనున్న ముక్క ఒక్కటే మార్చి, ట్యాంకు వెనక చెయ్యి దూరని ముక్క వదిలేయడం చాలామంది చేసే పని. ఆ ముక్కకీ వయసు అంతే.